దోసిళ్ళ సుంకన్న పరుగు

మీ తాతకు తాత ఉంటాడు కదా, ఆయనకు ఇంకా పాలపళ్ళు రాని కాలం. అప్పటి మాట ఇది. నేను చూడలే, మా అవ్వ చూడలే, మా అవ్వకు చెప్పిన అవ్వ గూడా చూడలే. అయినా చెప్తా. మీరు ఊ కొట్టాల. ఊ కొట్టకుండా కునికితే లేచి పోతా, నాకేం పనీపాటా లేక కూర్చున్నానా ఈడ? ఆ, అట్ల. ఊ అనండి.

ఒక ఎర్రకొండ. కొండ నడుమ ఒక కనుమ. ఎదురుబదురుగా రెండు ఎద్దులబండ్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే, అంత సన్నటి దారి. కనుమకు ఇవతల ఏడు ఊళ్ళు, అవతల ఏడు ఊళ్ళు. ఇవతల ఒక దొర, అవతల ఒక దొర. ఇవతల జొన్న పండేది, అవతల గూడా జొన్నే పండేది. ఇవతలోళ్ళు సంగటి తినేవాళ్ళు, అవతలోళ్ళు గూడా అదే తినేవాళ్ళు. అయినా ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఎందుకు పడదని అడిగితే ఎవురూ చెప్పలేరు.

ఇవతలి దొరకు ఒక తెల్లగుర్రం ఉండేది. అది ఒకనాడు తాడు తెంపుకొని కనుమ దాటి పోయింది. అవతలి దొర, "నా చేలో మేసిన గుర్రం నాదే" అన్నాడు. ఇవతలి దొర మీసం మెలేసినాడు. ఇంకేముంది, యుద్ధం! గుర్రానికి ఈ సంగతి తెలుసో లేదో పాపం, అది గడ్డి మేస్తానే ఉంది.

ఇవతలి ఏడూళ్ళలో ఆఖరి ఊరు చిప్పగుట్ట. ఆ ఊరి చివర గుడిసెలో సుంకన్న ఉండేవాడు. పెండ్లాం పోయి చానా కాలమైంది. పిల్లాజెల్లా లేరు. ఆయన పని నీళ్ళు మోయడం. భుజాన కావడి, కావడికి రెండు కుండలు, చేతిలో ఒక ముంత. దొర దండు యాడికి కదిలితే దాని వెనక సుంకన్న కదలాల. కత్తి లేదు, డాలు లేదు, ఎవురూ ఆయన్ను లెక్కలో వేసుకునేవాళ్ళు కాదు. దప్పికైనప్పుడు మాత్రం "సుంకన్నా! సుంకన్నా!" అని కొండ అదిరేట్టు అరిచేవాళ్ళు.

సుంకన్నకు వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది. "నాయనా, నీళ్ళు తాగేవాడి ముఖం చూడొద్దు. దిష్టి తగుల్తుంది. మామూలు మనిషికైతే కడుపునొప్పి వస్తుంది, అంతే. కత్తి పట్టినోడికి తగిలితే ప్రాణానికే వస్తుంది" అని. ఆ మాట సుంకన్న ఎన్నడూ దాటలే. దోసిలి పట్టి వంగినోడి చేతులు చూసేవాడు, ముంత వంచేవాడు, చాలంటే ఆపేవాడు. తలెత్తేవాడు కాదు.

అట్ల చూసి చూసి ఆయనకు చేతులే మనుషులైపోయినాయి. వరసలో వెనకోళ్ళు, "ఒరే మద్దిలేటీ, జరుగురా" అని అరిస్తే, ఓహో, ఈ దోసిలి మద్దిలేటిది అనుకునేవాడు. అట్లనే పేర్లు తెలిసినాయి, ఊళ్ళు తెలిసినాయి. ముఖం చూపిస్తే ఎవురో చెప్పలేడు. దోసిలి చూపిస్తే ఇంటిపేరుతో సహా చెప్తాడు. నవ్వొస్తుందా? నవ్వండి, నవ్వండి. దండులోవాళ్ళు గూడా నవ్వేవాళ్ళు.

యుద్ధం భాద్రపదంలో జరిగింది, పున్నమి పోయినాక వచ్చే దశమి నాడు. పెద్దల అమావాస్య ఇంకా ఐదు దినాలుంది. కనుమలో ఎండ మండిపోతా ఉంది. సుంకన్న ఒక బండ చాటున కుండలు దించుకొని కూర్చున్నాడు. ఒక్కొక్కడే పరిగెత్తుకొని వస్తాడు, దోసిలి పడతాడు, తాగుతాడు, పోతాడు. మద్దిలేటి వచ్చినాడు. గిడ్డయ్య వచ్చినాడు. ఉశేని వచ్చినాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కుండల్లో నీళ్ళు అడుగంటినాయి.

అప్పుడొక దోసిలి వచ్చింది. సుంకన్న ఎప్పుడూ చూడని దోసిలి. ఎడమచేతి చిటికెనవేలు వంకరగా ఉంది. మణికట్టు మీద మూడు చుక్కల పచ్చబొట్టు. ఆ చేతులు వణుకుతా ఉన్నాయి. కొత్తగా చేరినోడేమో అనుకున్నాడు సుంకన్న. ఉన్న నీళ్ళు వంచినాడు. ఒక దోసిలి నిండింది, అంతే. ముంత ఖాళీ.

"ఇంకొంచెం పోయన్నా" అన్నాడు ఆ దోసిలివాడు.

"తెస్తా, ఉండు నాయనా" అన్నాడు సుంకన్న. కుండలు తగిలించుకొని కొండ కింద ఊటకు పరిగెత్తినాడు.

ఊట దూరం. నీళ్ళు సన్నగా కారతా ఉన్నాయి. కుండలు నిండి, కావడెత్తి, పైకి వచ్చేసరికి కనుమలో చప్పుడు లేదు. దొర గుర్రపోళ్ళతో ఎప్పుడో అడ్డదారిన పోయినాడు. అవతలోళ్ళు తమ వాళ్ళను మోసుకొని అవతలికి పోయినారు. ఇవతలోళ్ళను మోసేవాళ్ళు లేరు. దుమ్ము మాత్రం మెల్లగా దిగతా ఉంది.

సుంకన్న ఒక్కొక్కరి దగ్గరికి పోయినాడు. పిడికిలి విప్పి చూసినాడు. ఇది మద్దిలేటిది. ఇది గిడ్డయ్యది. ఇది ఉశేనిది. ఇరవై మంది. పొద్దున ఇరవై మందికీ తన చేత్తో నీళ్ళు పోసినాడు.

పొద్దున తాను కూర్చున్న బండ చాటున, ఎవురికీ కనపడకుండా ఇరవై ఒకటోవాడు ఉన్నాడు, బోర్లా పడి, చేతులు ముందుకు చాపి. వంకర చిటికెనవేలు, మూడు చుక్కలు. ఆ చేతులు ఇంకా దోసిలి పట్టే ఉన్నాయి. సుంకన్న తెచ్చిన నీళ్ళు ముంతతో ఆ దోసిట్లో పోసినాడు. దోసిలి నిండింది. నీళ్ళు అట్లనే నిలబడినాయి.

"తెస్తానంటిని కదరా" అని ఏడ్చినాడు సుంకన్న. "వీణ్ణి పిలవను గూడా పేరు తెలీదే నాకు. ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది?"

ఇరవై ఒక్కరినీ ఒకచోట చేర్చినాడు. పైన రాళ్ళు పేర్చినాడు. అప్పుడు గూడా ముఖాలు చూడలే. పుట్టినప్పటి అలవాటు, యాడికి పోతుంది?

ఇప్పుడు ఒక సంగతి చెప్పాల, చెవి ఒగ్గి వినండి. ఆ సీమలో ఒక ఆచారముంది. దాన్ని గడపపిలుపు అంటారు. ఇంటి మనిషి పరాయిచోట పోతే, ఆ సావు కళ్ళజూసినోడు వచ్చి గడప ముందర నిలబడి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాల. ఇంట్లోవాళ్ళు చెంబెడు నీళ్ళు తెచ్చి గడప మీద పోయాల. అప్పుడు పోయినోడు ఇల్లు చేరినట్టు. పిలవకుండా పెద్దల అమావాస్య పొద్దు గుంకిందా, ఇంక వాడు ఇల్లు చేరడు. దారుల్లోనే దప్పికతో తిరగతా ఉంటాడు.

చూసినోడు సుంకన్న ఒక్కడే. ఐదు దినాలు. ఇరవై ఒక్క గడప.

ఏకాదశి నాడు తెల్లారీ తెల్లారకముందే కావడి రాళ్ళగుట్ట దగ్గర పెట్టేసినాడు. పంచె ఎగ్గట్టినాడు. పరుగు మొదలుపెట్టినాడు.

కనుమ దిగేటప్పుడు వెనక అడుగుల చప్పుడు వినపడింది. ఒకటి కాదు, రెండు కాదు. సుంకన్న ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. ఎవురో వెనకనుంచి, "మెల్లగా పో సుంకన్నా, గిడ్డయ్య కాలు బెణికింది" అన్నారు. ఎవురో నవ్వినారు. సుంకన్నకు భయం కాలే. ఎందుకైతుంది, ఎరిగిన గొంతులే కదా? వెనక్కి తిరిగి మాత్రం చూడలే. దప్పికతో ఉన్నోళ్ళు, ముఖం చూడగూడదు.

అట్ల పోయినారు. ముందు సుంకన్న, వెనక ఇరవై ఒక్కరు.

మంచు నేలమీద పాకతా ఉంది. సుంకన్న కాళ్ళు ఆయనకే కనపడలే. మంచులో తేలిపోతా ఉన్నట్టుంది. జొన్నచేల నడుమ పోతే గాలి లేకుండానే జొన్నకంకులు రెండు పక్కలా వంగినాయి. ఇరవై ఒక్కరికి దారి కావాల కదా! చేలో గువ్వలు లేచినాయి, తిరిగి ఆడనే వాలినాయి. పొద్దు గుంకితే యాడుంటే ఆడ కూలబడేవాడు, చుట్టూ వాళ్ళు కూర్చున్నట్టే ఉండేది. తెల్లారితే మళ్ళీ పరుగు.

మొదటి ఊరిలో గడప ఒక్కటే, మద్దిలేటిది.

ఆ గడప ముందర చూస్తే పండగ! మామిడాకులు కట్టినారు. వాకిట్లో ముగ్గులు పెట్టినారు. ఏందంటే, దొర అప్పటికే అడ్డదారిన ఇల్లు చేరి, గెలిచినామని దండోరా వేయించినాడు. దొరల నోటికి అడ్డమేముంది!

మద్దిలేటి మేనమామ అరుగు మీద ఉన్నాడు. "ఏం సుంకన్నా, మావాడు యాడ?" అన్నాడు.

"గడపపిలుపుకు వచ్చినా సామీ."

మేనమామ చటుక్కున లేచినాడు. "నోటికేమొస్తే అది వాగుతావా? గెలిచినామని దొరే చెప్పినాడు. దొర కన్నా నీకెక్కువ తెలుసా? నీళ్ళు మోసేవాడివి, నీకు పిలుపేంది, నువ్వేంది? నడువ్!"

సుంకన్న చేతులు చాపి దోసిలి పట్టినాడు. కుడి బొటనవేలు లోపలికి ముడిచి పట్టినాడు. అంతే.

లోపలనుంచి మద్దిలేటి తల్లి ఓబుళమ్మ వచ్చింది. ఆ దోసిలి చూసింది. చేతిలో చాట కింద పడింది. "నా కొడుకు దోసిలి అది" అంది. "చిన్నప్పుడు బొటనవేలు పొయ్యిలో కాల్చుకున్నాడు. అప్పట్నుంచి అట్లనే ముడుస్తాడు. పక్కకు జరుగు తమ్ముడూ. పిలవనీ."

"ఓ మద్దిలేటీ! ఓ మద్దిలేటీ! ఓ మద్దిలేటీ!"

ఓబుళమ్మ చెంబెడు నీళ్ళు గడప మీద పోసింది. సుంకన్న వెనకనుంచి ఒక జత అడుగులు ముందుకు పోయి, గడప దాటి, లోపలికి పోయినాయి. తడి అడుగులు నేలమీద కనపడినాయని కొందరంటారు. ఓబుళమ్మ ఆ అడుగులు పోయిన దిక్కే చూస్తా కూలబడి గుండె పగిలేట్టు ఏడ్చింది.

ముందు సుంకన్న, వెనక ఇరవై మంది.

రెండో ఊరిలో గిడ్డయ్య ఇల్లు. గిడ్డయ్య పెండ్లాం నరసమ్మ నోటిదురుసు మనిషి. సుంకన్న దోసిలి పట్టి చూపించినాడు. వేళ్ళ మధ్య సందులు, ఇంతింత. నరసమ్మ గుర్తుపట్టింది.

"సగం నీళ్ళు కిందనే కారబోసుకున్నాడా?" అంది.

"అవునమ్మా. సగం గుండెల మీదే."

"ఇంట్లో గూడా అంతే! వేళ్ళు దగ్గరికి పెట్టుకోరా మొగుడా అని ఎన్నిసార్లు చెప్పినా! వినడు! ఒక్కనాడన్నా నా మాట విన్నాడా? యుద్ధానికి పోవద్దంటే విన్నాడా?" తిడతా తిడతా ఏడ్చింది. ఏడస్తా ఏడస్తా నవ్వింది. తొణికిపోయేట్టు నిండా చెంబు ముంచుకొచ్చి గడపంతా తడిపింది. "దా, లోపలికి రా! ఇంకేం చేస్తావు, రా!" అంది.

ముందు సుంకన్న, వెనక పందొమ్మిది మంది.

అట్ల ఊరూరూ, గడపగడపా తిరిగినాడు. పదిహేను మంది, పది మంది, ఐదుగురు. సుంకన్న కాళ్ళు పగిలినాయి. చెప్పులు తెగిపోయి యాడ పడినాయో తెలీదు. పిలిచి పిలిచి గొంతు బొంగురు పోయింది. ఎవురన్నా కూర్చోమన్నా కూర్చోలే. "నా వెనక మనుషులున్నారు తల్లీ" అనేవాడు. ఊళ్ళోవాళ్ళు చూస్తే ఆయన వెనక ఎవురూ ఉండరు. దారిమీద దుమ్ము మాత్రం లేస్తా ఉండేది.

త్రయోదశి పొద్దునకు తన ఊరు చేరినాడు. ఇంక రెండే జతల అడుగులున్నాయి. ఒకటి ఉశేనిది. ఒకటి పేరు లేనోడిది.

ఉశేని తండ్రి ఫకీరప్ప ఒకప్పుడు తనూ దండులో పోయినోడే. ఒక కన్ను పోయి ఇంటి పట్టున ఉన్నాడు. ఒక్కడే కొడుకు. సుంకన్న వీధి మలుపు తిరగడం చూసినాడు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

"ఫకీరప్పా" అన్నాడు సుంకన్న.

"పిలవొద్దు!" తలుపు వెనకనుంచి వచ్చింది మాట. "నువ్వు పిలిస్తే వాడు పోయినట్టు. పిలవకపోతే యాడో ఒకచోట ఉన్నట్టే. ఉండనీ. పో సుంకన్నా, నీకు దండం పెడతా, పో."

సుంకన్న గడప పక్కన కూర్చున్నాడు. ఒకవైపు పొద్దు ఎక్కతా ఉంది. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. నీడలు కురచనైనాయి. అప్పుడు మెల్లగా అన్నాడు. "ఫకీరప్పా, వాడికి దప్పికైతా ఉంది."

తర్వాత గడియ తీసిన చప్పుడైంది. ఫకీరప్ప చేతిలో చెంబుంది. "పిలువ్" అన్నాడు.

ఉశేని ఇల్లు చేరినాడు. ఫకీరప్ప గడప పట్టుకొని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. సుంకన్న ఆయన పక్కనే కూర్చొని తనూ ఏడ్చినాడు.

కాసేపైనాక సుంకన్న అన్నాడు. "ఇంకొకడున్నాడు పెద్దాయనా. ఏడూళ్ళలో చూపించినా. ఎవురూ గుర్తుపట్టలే. నువ్వు దండులో తిరిగినోడివి, చూడు." దోసిలి పట్టినాడు. చిటికెనవేలు వంచినాడు. మణికట్టు మీద మూడు చోట్ల వేలు పెట్టి చూపించినాడు.

ఫకీరప్ప ముఖం నల్లబడింది. "మూడు చుక్కలా? వరసగానా?"

"వరసగానే."

"మనోడు కాదురా పిచ్చోడా! కనుమ అవతలోళ్ళు తొలిచూలు బిడ్డకు పొడిపించే పచ్చబొట్టు అది. శత్రువుకు నీళ్ళు పోసినావురా నువ్వు! ముఖం చూసి ఉంటే తలపాగా తెలిసేది కదరా!"

సుంకన్న తన చేతుల దిక్కు చూసుకున్నాడు. ముఖం చూడని మంచితనం ఇంత పని చేసిందా? ఇవతల తెలిస్తే ద్రోహి అంటారు. అవతలికి పోతే పొడిచేస్తారు. పైగా నాలుగామడల దారి వెనక్కి పోవాల, కొండెక్కి దిగాల. మిగిలింది రెండు దినాలు. కాళ్ళు చూస్తే నేలమీద ఆనడం లేదు.

"వదిలేయ్ సుంకన్నా" అన్నాడు ఫకీరప్ప. "నా కొడుకును చంపింది ఆ చేతులేనేమో. ఎవురికి తెలుసు?"

"ఏమో. నాకైతే ఆ చేతులు నీళ్ళడిగినాయి. తెస్తా, ఉండు నాయనా అన్నా. ఉన్నాడు. ఇంకా ఉన్నాడు, ఇదిగో ఈడనే, నీ వాకిట్లో."

ఫకీరప్ప వాకిలి దిక్కు చూసినాడు. ఆయనకేం కనపడిందో ఆయనకే తెలియాల. లోపలికి పోయి తన పాత చెప్పులు తెచ్చి సుంకన్న ముందర పెట్టినాడు. "నా కొడుకు అవతల పడి ఉంటే ఎవురన్నా వచ్చి చెప్పాలని నాకుండదా? పో. బిరీన పో. ఎవురికీ చెప్పనులే" అన్నాడు.

సుంకన్న లేచినాడు. ముందు సుంకన్న, వెనక ఒక్కడు.

చతుర్దశి నాటికి కొండ ఎక్కినాడు. రాళ్ళగుట్ట దాటినాడు. ఒళ్ళు కాలిపోతా ఉంది. ఎండ ఏదో, జ్వరమేదో తెలియడం లేదు. ఒకసారి వాళ్ళమ్మ కనపడింది, ముంత పట్టుకొని. ఒకసారి తెల్లగుర్రం అడ్డం వచ్చి నిలబడి, తప్పుకొని పోయింది. కనుమ దాటి అవతలికి దిగేటప్పుడు ఒక వింత జరిగింది. వెనకనున్న అడుగులు ముందుకు వచ్చినాయి. ఇప్పుడు దారి తెలిసినోడు వాడు కదా! సుంకన్న ఆ అడుగుల వెనక పరిగెత్తినాడు. ముందు వాడు, వెనక సుంకన్న.

అమావాస్య నాడు పొద్దు వాలే యాళకు ఒక ఊరు వచ్చింది. అడుగులు ఒక ఇంటి ముందర ఆగినాయి. సుంకన్న ఆగినాడు.

"ఎవుడ్రా నువ్వు?" ఊరోళ్ళు ఈటెలు పట్టుకొని చుట్టుముట్టినారు. "మనోడు కాదు వీడు! పంచె కట్టు చూడండి!"

"నీళ్ళోణ్ణి" అన్నాడు సుంకన్న. గొంతులోనుంచి మాట గాలిగా వచ్చింది. "గడపపిలుపుకు వచ్చినా."

"శత్రువు మాకు పిలుపు పిలుస్తాడా?" అని ఒకడు ఈటె ఎత్తినాడు. సుంకన్న వాడి దిక్కు చూడను గూడా చూడలే. దోసిలి పట్టినాడు. చిటికెనవేలు వంచినాడు.

గుంపును తోసుకుంటా ఒక ముసలామె వచ్చింది. పేరు సవారమ్మ. ఆ చేతుల దగ్గరికి వంగి చూసింది. "ఈ వేలు వీడికెట్ల తెలుసు?" అంది. "నా బిడ్డ ఆరేండ్లప్పుడు రోట్లో నలిగిన వేలు ఇది. ఈటె దించండిరా! దించమంటే!" కొడుకు కనపడక ఐదు దినాలుగా వాకిట్లోనే కూర్చున్న మనిషి ఆమె. "పిలువ్ నాయనా. పొద్దు గుంకతా ఉంది."

సుంకన్న తలదించుకున్నాడు. "పేరు తెలీదమ్మా. నీళ్ళు పోసినా గానీ పేరడగలే. అది నా తప్పే. క్షమించు తల్లీ."

సవారమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది. సుంకన్న ఒంట్లో ఉన్న సత్తువంతా గొంతులోకి తెచ్చుకున్నాడు.

"ఓ కుళ్ళాయప్పా! ఓ కుళ్ళాయప్పా! ఓ కుళ్ళాయప్పా!"

చెంబెడు నీళ్ళు గడప మీద పడినాయి. కొండ మీద పొద్దు ఒక వేలంత ఉంది. అడుగులు లోపలికి పోయినాయి.

"తాగినాడా నా బిడ్డ?" అంది సవారమ్మ.

"ఒక దోసిలి తాగినాడు. ఇంకొంచెం పోయన్నా అన్నాడు. నేను తెచ్చేలోపల..." సుంకన్న గడప పక్కన కూర్చుండిపోయినాడు.

"నీ దోసిలి పట్టు" అంది సవారమ్మ. ఎన్ని వేల దోసిళ్ళు నింపినాడో గానీ తన దప్పిక కోసం దోసిలి ఒకరి ముందర పట్టింది అప్పుడేనట. ఆమె నీళ్ళు పోసింది. తాగినాడు. "తలెత్తు, ముఖం చూడనీ. నీ పేరేంది నాయనా?" అంది.

సుంకన్న తలెత్తినాడు. ఆమె ముఖం చూసినాడు. నీళ్ళు పోసే మనిషి ముఖం అట్లుంటుందని ఆయనకు తెలీదు. "సుంకన్న" అన్నాడు. "చిప్పగుట్ట." అట్లనే గడపకు ఆనుకొని కళ్ళు మూసినాడు. మళ్ళీ తెరవలే.

పొద్దు గుంకింది. ఈటె ఎత్తినోడు ఈటె కింద పెట్టేసి తలపాగా తీసినాడు.

"దగ్గరుండి చూసింది నేనే" అంది సవారమ్మ. "కాబట్టి పిలవాల్సింది నేనే. పోవాల."

"అమావాస్య దాటిపోయిందమ్మా" అన్నారు ఊరోళ్ళు. "ఇప్పుడు పిలిచినా ఇల్లు చేరడు. పైగా అది శత్రువుల ఊరు."

"నా కొడుకును ఇంటికి తెచ్చినోణ్ణి దారిలో వదిలేయమంటారా? ఆకాశానికి అంత తొందరుంటే ఒక దినం ఆగమని చెప్పండి!" కొంగు బిగించింది సవారమ్మ. డెబ్బై ఏండ్ల మనిషి, పరిగెత్తింది. ఉత్త చేతులతో ఊరోళ్ళు ఆమె వెనక పరిగెత్తినారు. కొండెక్కినారు, దిగినారు, జొన్నచేలు దాటినారు. దారిలో ఒక్కొక్క ఊరివాళ్ళు ఎవురు మీరని అడ్డం వచ్చినారు. సుంకన్న పేరు చెప్పగానే వాళ్ళూ వెనకనే కలిసినారు. ఓబుళమ్మ కలిసింది. నరసమ్మ కలిసింది.

మరునాడు పొద్దు గుంకకముందే చిప్పగుట్ట చివర గుడిసె చేరినారు. తలుపు గూడా లేదు దానికి. సవారమ్మ గడప ముందర నిలబడి మూడుసార్లు పిలిచింది. "ఓ సుంకన్నా! ఓ సుంకన్నా! ఓ సుంకన్నా!"

పిలిచింది సరే, నీళ్ళు పోయాల్సింది ఎవురు? ఇంట్లో ఎవురూ లేరే! అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫకీరప్ప ముందుకు వచ్చి చెంబు వంచినాడు. తర్వాత ఓబుళమ్మ, తర్వాత నరసమ్మ. ఇరవై ఇళ్ళవాళ్ళూ పోసినారు. అవతలోళ్ళు పోసినారు. గడప నిండి, గుడిసె నిండి, నీళ్ళు వీధిలోకి పారినాయట.

దొరలిద్దరూ తర్వాత వియ్యంకులైనారు. వాళ్ళ పేర్లు అడక్కండి, ఎవురికీ గుర్తులేవు. గుర్రం పేరు గూడా మరిచిపోయినారు.

సుంకన్న కోసం ఆ సీమలో పెద్దల అమావాస్య రెండు దినాలు చేస్తారు. మొదటి దినం ఎవురి పెద్దలకు వాళ్ళు. రెండో దినం పరుగు. ఇవతలి ఏడూళ్ళ నుంచి ఇరవై మంది, అవతలనుంచి ఒక్కడు పరిగెత్తి, కనుమలో రాళ్ళగుట్ట దగ్గర కలుస్తారు. గెలిచినోడు, ఓడినోడు అని ఉండదు. ఇరవై ఒక్క పేర్లూ, కడాన సుంకన్న పేరూ పిలిచి, ఒకరి దోసిట్లో ఒకరు నీళ్ళు పోసుకుంటారు. ముఖం చూస్తా పోయాల. దిష్టి గిష్టి జాన్తానై.

ఇంకొకటుంది. ఆ ఊళ్ళలో మీరు దప్పికై ఏ ఇంటి ముందర నిలబడినా, లోపలినుంచి చెంబు తెస్తారు గానీ వెంటనే పోయరు. "నీ పేరేంది నాయనా? ఏ ఊరు మీది?" అని అడుగుతారు. గొంతు ఎండి సస్తా ఉంటే ఈ ఆరా ఏందని విసుక్కోకండి. పేరు చెప్పండి, ఊరు చెప్పండి. మీ వాళ్ళకు ఎప్పుడన్నా కబురు చెప్పాల్సి వస్తే, మీకు నీళ్ళు పోసిన ఆ మనిషి పరిగెత్తుకుంటా వస్తుంది.